ఇంద్రావతికి పుష్కరం ఎందుకు లేదు?

మళ్ళీ పుష్కరాల సందడి మొదలయింది. 2027లో గోదావరి పుష్కరాలు. ఇక చూడండి, టీవీల్లో పండితులు బారులు తీరతారు. ఏ ఘాట్‌లో ఏ ఘడియలో మునిగితే ఎన్ని జన్మల పాపం పోతుందో లెక్కకట్టి చెప్తారు. ప్రభుత్వాలు మెట్లు కడతాయి, రంగులు వేస్తాయి, ప్రత్యేక రైళ్ళు వేయిస్తాయి. ఆ హోరులో ఎవరూ ఎవరి మాటా వినరు కాబట్టి నా ప్రశ్న ముందే అడుగుతున్నాను.

ఇంద్రావతికి పుష్కరం ఎందుకు లేదు?

నవ్వకండి. గురుడు ఒక్కో రాశిలో ప్రవేశించినప్పుడు ఒక్కో నదికి పుష్కరం అంటారు. పన్నెండు రాశులు, పన్నెండు నదులు. మేషానికి గంగ, సింహానికి గోదావరి, కన్యకు కృష్ణ, మీనానికి ప్రాణహిత. ప్రాణహిత నిడివి ఎంతో తెలుసా? వార్ధా, వైనగంగ కలిసిన చోటు నుంచి కాళేశ్వరం దాకా సుమారు 113 కిలోమీటర్లు. దానికి 2022 ఏప్రిల్‌లో పన్నెండు రోజుల పండగ చేశారు. ఒడిశాలోని కలహండిలో పుట్టి, చిత్రకోట్ దగ్గర జలపాతమై దూకి, బస్తర్ అంతా తిరిగి గోదావరిలో కలిసే ఇంద్రావతి 500 కిలోమీటర్ల పైచిలుకు. దాని పేరు జాబితాలో లేదు. పుణ్యం నీళ్ళలో వుంటే ఆ నీళ్ళు చేసిన తప్పేమిటి?

జవాబు తేలికే. జాబితా రాసిన వాళ్ళకు తెలిసిన నదులు అందులో వున్నాయి, తెలియని నదులు లేవు. ఇది ఆకాశం నుంచి ఊడిపడిన జాబితా కాదు. అందుకే అది ఊరికో రకంగా వుంటుంది. 2018లో గురుడు వృశ్చికంలోకి వస్తే మనవాళ్ళు భీమానదికి పరిగెత్తారు, తమిళులు తామ్రపర్ణికి పరిగెత్తారు. గురుడు ఒకడే, రాశి ఒకటే, నదులు మాత్రం రెండు! 2025 మేలో సరస్వతికి పుష్కరమన్నారు. కాళేశ్వరంలో ఆ నది 'అంతర్వాహిని', అంటే కంటికి కనబడదు. అదే సమయంలో ఉత్తరాఖండ్‌లోని మాణా గ్రామంలోనూ సరస్వతి పుష్కరమే చేశారు. కనబడని నదికి ఇదొక సుఖం, ఎక్కడ కావాలంటే అక్కడ పారుతుంది.

ఆవపల్లిలో మా బంధువులు కొందరున్నారు. ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లా, పాత బస్తర్. బీజాపూర్ నుంచి బాసగూడ పోయే దారిలో వస్తుంది. అక్కడి సంతలో నిలబడితే గోండీ, హిందీ, తెలుగు మూడూ వినబడతాయి. మా పెద్దమ్మ ఇప్పటి నుంచే డబ్బు కూడబెడుతోంది, పుష్కరాలకు భద్రాచలం వెళ్ళి పెదనాన్నకు పిండం పెట్టించాలని.

"ఇక్కడ తాలిపేరు వుంది కదా పెద్దమ్మా, అందులోనే మునగరాదూ?" అన్నాను.

"అది వాగురా, అది గోదారా?" అంది.

బాసగూడ పక్కన పారే ఆ తాలిపేరే చర్ల దగ్గర తెలంగాణలోకి దిగి గోదావరిలో కలుస్తుంది, భద్రాచలానికి ఎగువనే. ఇంద్రావతి అంతకన్నా పైనే కలుస్తుంది. అంటే భద్రాచలం ఘాట్‌లో మా పెద్దమ్మ నెత్తిన పోసుకోబోయే చెంబుడు నీళ్ళలో ఈ రెండూ వుంటాయి. బాసగూడ దగ్గర గేదెలు కడిగిన నీళ్ళు భద్రాచలం చేరేసరికి తీర్థమవుతాయి. మధ్యలో నీళ్ళలో ఏం మారింది? ఏమీ మారలేదు. ఒడ్డున పంతులు, పక్కన హుండీ, ఎదురుగా దుకాణం వచ్చాయి, అంతే.

ఇక ముహూర్తం సంగతి. గురుడు సింహరాశిలో 'ప్రవేశించడం' అంటే ఆ నక్షత్రాల దగ్గరికి వెళ్ళడం కాదు. మనకు ఆ దిక్కున కనబడటం మాత్రమే. గురుడు మనకు బాగా దగ్గరగా వచ్చినప్పుడే 59 కోట్ల కిలోమీటర్ల దూరంలో వుంటాడు. మఖ నక్షత్రం నుంచి వెలుతురు రావటానికే 79 ఏళ్ళు పడుతుంది. వీటి మధ్య ఒక గీత గీసి, ఆ గీత కొస రాజమండ్రి మెట్ల మీద ఆనుతుందంటే నమ్మాలా?

2015 గోదావరి పుష్కరాలను 144 ఏళ్ళకొకసారి వచ్చే 'మహాపుష్కరం' అన్నారు. 2025 ప్రయాగ కుంభమేళాకూ అదే 144 చెప్పారు. గురుడు సూర్యుణ్ణి చుట్టి రావటానికి పట్టేది 11.86 ఏళ్ళు. పన్నెండు చుట్లంటే 142 ఏళ్ళ చిల్లర. కాబట్టి 144 అనే అంకె ఆకాశంలోంచి వచ్చింది కాదు, పన్నెండో ఎక్కంలోంచి వచ్చింది.

నవ్వి వూరుకుందామంటే ఈ అంకెలు మనుషుల్ని చంపుతున్నాయి. 2003 ఆగస్టులో ఇదే గోదావరి ఒడ్డున నాసిక్‌లో తొక్కిసలాట జరిగి 39 మంది చచ్చిపోయారు. 2015 జులై 14న, పుష్కరాల మొదటి రోజు ఉదయమే, రాజమండ్రి పుష్కర ఘాట్ దగ్గర కనీసం 27 మంది పోయారు. ఆ పొద్దున్నే అదే ఘాట్‌లో ముఖ్యమంత్రి కుటుంబం స్నానం చేసింది. విచారణకు వేసిన జస్టిస్ సోమయాజులు కమిషన్ నివేదిక 2018లో బయటికొచ్చింది. ముహూర్తం మీద జనానికున్న గుడ్డి నమ్మకాన్నీ, మీడియా ప్రచారాన్నీ తప్పుపట్టింది. బాగుంది. మరి ఆ నమ్మకాన్ని పెంచి పోషించింది ఎవరు? ప్రజల డబ్బుతో 'రండి, మునగండి' అని ప్రచారం చేసింది ఎవరు? పిలిచినవాడి తప్పు లేదట, వచ్చినవాడిదే తప్పట! 2025 జనవరి 29న ప్రయాగలో మౌని అమావాస్య స్నానాల్లో ప్రభుత్వం ఒప్పుకున్న లెక్కే 30 మంది.

నీళ్ళ సంగతి కూడా చెప్పాలి. స్నానానికి పనికొచ్చే నీళ్ళలో 100 మిల్లీలీటర్లకు మలసంబంధ బ్యాక్టీరియా 2500కు మించకూడదు. ప్రయాగ నీళ్ళు పలుమార్లు ఆ హద్దు దాటాయని 2025 ఫిబ్రవరిలో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలే చెప్పింది. ముఖ్యమంత్రి అసెంబ్లీలోనే దాన్ని కొట్టిపారేశారు. తర్వాత మండలి కూడా సగటు లెక్కలు చూపించి స్నానానికి ఫర్వాలేదంది. అయ్యా, మునిగేవాడు సగటు నీళ్ళలో మునగడు. ఆ రోజు, ఆ చోట ఏ నీళ్ళున్నాయో వాటిలోనే మునుగుతాడు.

"మనశ్శాంతి కోసం వెళ్తారు, మీకేం నష్టం?" అనేవాళ్ళున్నారు. నది చూడటానికి వెళ్ళండి, పిల్లలతో ఈత కొట్టండి, పోయినవాళ్ళను తలుచుకుని ఏడవండి. ఎవరూ కాదనరు. బస్తర్ ఆదివాసులు చనిపోయినవాళ్ళ గుర్తుగా రాళ్ళు నిలబెడతారు. ఆ రాయి వల్ల పోయినవాడు సుఖపడతాడని నేను నమ్మను. కానీ ఆ రాయి పక్కన రేటు బోర్డు వుండదు. మా పేచీ తలుచుకోవటంతో కాదు. పాపం పోతుందన్న అబద్ధంతో, పిండం పెట్టకపోతే పెదనాన్న ఆకలితో తిరుగుతాడన్న బెదిరింపుతో, ఆ అబద్ధానికి ఖజానా తలుపులు తెరవటంతో.

ఆవపల్లి వైపు నుంచి భద్రాచలం వచ్చే యాత్రికులు ఇంకొకరున్నారు. వాళ్ళ గురించి ఏ టీవీ చెప్పదు. జ్వరంతో కాలిపోతున్న బిడ్డను ఎత్తుకుని ఆస్పత్రికి వచ్చే తల్లులు. మిరపకోతలకు వచ్చే కూలీలు. 2005లో సల్వాజుడుం మొదలయ్యాక ఊళ్ళు ఖాళీ చేసి గోదావరి పక్క అడవుల్లోకి పారిపోయి వచ్చిన కుటుంబాలు. 2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ రోజుల్లో, తెలంగాణ మిరపచేల నుంచి బీజాపూర్ జిల్లాలోని ఇంటికి మూడు రోజులు నడిచిన ఒక పన్నెండేళ్ళ ఆదివాసీ పిల్ల ఇంకాస్త దూరంలో ఇల్లుందనగా చచ్చిపోయింది. ఆ పిల్లకు ప్రత్యేక బస్సు లేదు, దారిలో మంచినీళ్ళ పందిరి లేదు, అన్నదానం లేదు. పుణ్యం కోసం నడిచేవాళ్ళకు ఇవన్నీ వున్నాయి. బతకటానికి నడిచేవాళ్ళకు లేవు. లక్షల మందికి పన్నెండు రోజులు నీళ్ళు, తిండి, వైద్యం ఏర్పాటు చెయ్యగల ప్రభుత్వానికి చేతగాక కాదు కదా, అవసరం అనిపించక!

కాబట్టి ఇంద్రావతికి కూడా పుష్కరం పెట్టమని నేను అడగటం లేదు. దయచేసి పెట్టకండి. ఆ నది ఒడ్డున ఆస్పత్రి పెట్టండి, అందులో డాక్టర్ని వుంచండి. గోదావరి ఒడ్డున కూడా అంతే చెయ్యండి. నది పాపాలు కడగదు. దాన్ని మురికి చెయ్యకుండా వుంటే దాహం తీరుస్తుంది, పొలం తడుపుతుంది. ఒక నది చెయ్యగలిగిన పుణ్యం అదే, దానికి ముహూర్తం అక్కర్లేదు.