టీవీ ట్యూనర్ డ్రైవర్‌ను తొలగిస్తే కంప్యూటర్ ఎందుకు కూలాలి?

లినక్స్ నడిచే కంప్యూటర్‌కు ఒక టీవీ ట్యూనర్ తగిలిస్తారు. కాసేపు వాడతారు. తర్వాత దాని డ్రైవర్‌ను కెర్నెల్ నుంచి తొలగించమని ఆదేశం ఇస్తారు. ఒక్కోసారి ఆ ఒక్క ఆదేశానికే యంత్రమంతా బిగుసుకుపోతుంది. మౌస్ కదలదు, తెర మీద హెక్సాడెసిమల్ అంకెలు వరుసకడతాయి, కొన్ని కీబోర్డుల మీద క్యాప్స్‌లాక్ దీపం ఆగకుండా కొట్టుకుంటుంది. ఎవరిని అడిగినా వచ్చే సలహా ఒకటే: "రీబూట్ చేసుకోండి. అయినా డ్రైవర్‌ను తీసేయాల్సిన పనేముంది?"

ఈ సలహాతో నాకు పేచీ ఉంది. డ్రైవర్ వెళ్లిపోయేటప్పుడు వచ్చే క్రాష్‌ను చిన్న అసౌకర్యంగా చూడటం పొరపాటు. ఎప్పటినుంచో లోపల దాగి ఉన్న తప్పు బయటపడేది అక్కడే. దాన్ని రీబూట్‌తో కప్పేస్తే తప్పు పోదు, మన కంటికి కనబడకుండా పోతుంది, అంతే.

ముందు, తీసేయాల్సిన పనేముందో చూద్దాం. ఆర్‌టీఎల్2832యూ అనే చిప్‌తో వచ్చే చవక యూఎస్‌బీ ట్యూనర్లు డిజిటల్ టీవీ చూడటానికి తయారైనవి. అయితే ఈ చిప్ తాను పట్టిన రేడియో సంకేతాన్ని 8 బిట్ల నమూనాలుగా, ముడిసరుకులాగా నేరుగా కంప్యూటర్‌కు పంపగలదని 2012లో అందరికీ తెలిసింది. ఫిన్లాండ్‌కు చెందిన లినక్స్ డ్రైవర్ల రచయిత అంటీ పాలోసారి గమనించిన ఆ సంగతి ఆధారంగా ఆస్మోకామ్ బృందం సాఫ్ట్‌వేర్ తయారుచేసింది. దాంతో టీవీ కడ్డీ కాస్తా రేడియో ప్రయోగశాల అయిపోయింది. విమానాలు 1090 మెగాహెర్ట్జ్ దగ్గర పంపే స్థాన వివరాలు దీంతో అందుకోవచ్చు. సరైన యాంటెన్నా, యాంప్లిఫయర్ జతచేస్తే 1420 మెగాహెర్ట్జ్ దగ్గర పాలపుంతలోని హైడ్రోజన్ వినిపించే సన్నని సంకేతాన్నీ పట్టవచ్చు. పుణె దగ్గరి జీఎంఆర్‌టీ టెలిస్కోపు వినే పౌనఃపున్యాలలో ఇదీ ఒకటి. కానీ ఒకే పరికరాన్ని ఇద్దరు పట్టుకోలేరు. రేడియో సాఫ్ట్‌వేర్ పని మొదలుపెట్టాలంటే కెర్నెల్‌లోని టీవీ డ్రైవర్ పక్కకు తప్పుకోవాలి. కొన్ని సాఫ్ట్‌వేర్లు ఆ డ్రైవర్‌ను తామే విడదీస్తాయి. అప్పుడూ నడిచేది డ్రైవర్ వదిలిపెట్టే కోడే.

ఈ డ్రైవర్ ఒకే ముక్క కాదు. యూఎస్‌బీ వైపు చూసుకునే మాడ్యూల్ ఒకటి, సంకేతాన్ని విడమరిచే డీమాడ్యులేటర్‌కు ఒకటి, ట్యూనర్ చిప్‌కు మరొకటి, వీటన్నిటినీ కలిపే డీవీబీ కోర్ ఇంకొకటి. ఆపైన రిమోట్ కంట్రోల్. బటన్ ఏదైనా నొక్కారా అని సెకనుకు కొన్నిసార్లు చూసి వచ్చే పని ఒకటి నేపథ్యంలో నడుస్తూనే ఉంటుంది. సిగ్నల్ అందుతోందా లేదా అని కనిపెట్టుకుని ఉండే కెర్నెల్ థ్రెడ్ మరొకటి. డ్రైవర్ వెళ్లిపోవాలంటే వీటన్నిటినీ, వచ్చిన వరుసకు తలకిందులుగా, ఒక్కటీ వదలకుండా ఆపాలి.

అద్దె ఇల్లు ఖాళీ చేసేటప్పుడు పాలవాడికీ, పేపరు వేసే అబ్బాయికీ చెప్పి వెళ్లాలి కదా. చెప్పడం మరిస్తే మర్నాడు పొద్దున్న పేపరు ఆ ఇంట్లోకే వచ్చి పడుతుంది. ఇల్లు ఖాళీగా ఉంటే ఎవరికీ తెలియదు. ఈలోగా కొత్తవాళ్లు దిగి గుమ్మంలో పాల గిన్నె పెట్టుకుని ఉంటే పేపరు అందులో పడుతుంది. కెర్నెల్‌లో జరిగేదీ ఇదే. డ్రైవర్ వదిలేసిన మెమొరీని కెర్నెల్ ఇంకొకరికి ఇచ్చేస్తుంది. ఆపడం మరిచిన రిమోట్ పని మాత్రం పాత చిరునామాకే వచ్చి రాస్తుంది. అందుకే క్రాష్ కొన్నిసార్లు వెంటనే రాదు. కొన్ని నిమిషాల తర్వాత, ట్యూనర్‌తో ఏ సంబంధమూ లేని నెట్‌వర్క్ కోడ్‌లో వస్తుంది. పాపం, నింద నెట్‌వర్క్ కార్డు మీద పడుతుంది.

"వాడుకలో ఉన్న మాడ్యూల్‌ను కెర్నెల్ తీయనివ్వదుగా" అని ఇక్కడ కొందరు అడుగుతారు. నిజమే. ప్రతి మాడ్యూల్‌కూ ఎందరు వాడుతున్నారో చెప్పే లెక్క ఉంటుంది. అది సున్నా కాకపోతే తొలగింపు ఆదేశం తిరస్కరణకు గురవుతుంది. అయితే ఆ లెక్క కాపాడేది డ్రైవర్ కోడ్‌ను. ఆ కోడ్ చేతిలో ఉన్న డేటా ఎప్పటిదాకా బతికుండాలో చూసుకోవడం రాసినవారి పూచీ. పైగా కడ్డీని చేత్తో లాగేస్తే ఏ లెక్కా అడ్డుపడదు.

రీబూట్ గురించి చాలామంది గమనించని విషయం ఒకటుంది. యంత్రాన్ని మూసేసేటప్పుడు కెర్నెల్ పరికరాలను ఆపమని చెబుతుందే గానీ, మాడ్యూళ్ల నిష్క్రమణ ఫంక్షన్లను పిలవదు. అంటే ఎప్పుడూ రీబూట్ మీదే ఆధారపడే యంత్రంలో ఆ కోడ్ ఒక్కసారి కూడా నడవకపోవచ్చు. ఎవరూ నడవని మెట్లు విరిగి ఉన్నాయో లేదో ఎవరికి తెలుస్తుంది?

ఇక తప్పును వెతకడం. నిజానికి ఇది మంచి విజ్ఞాన ప్రయోగం లాంటిది, నాకు బాగా నచ్చే భాగమూ ఇదే. మొదట సాక్ష్యం దొరకాలి. తెర బిగుసుకుపోతే కెర్నెల్ చివరి మాటలు డిస్కు మీదికి చేరవు. అందుకని నెట్‌కన్సోల్ అనే సదుపాయంతో వాటిని పక్కనున్న మరో కంప్యూటర్‌కు పంపించుకోవాలి. వచ్చిన సందేశంలో ఏ ఫంక్షన్‌ను ఏ ఫంక్షన్ పిలిచిందో వరుసగా ఉంటుంది. విడుదలైన మెమొరీని గుర్తుగా 6బీ అనే విలువతో నింపే డీబగ్ సదుపాయాన్ని ముందే ఆన్ చేసి ఉంచితే, రిజిస్టర్లలో 6బీ6బీ6బీ అని కనిపించగానే సగం కథ తెలిసిపోతుంది. ఎవరో ఖాళీ చేసిన ఇంటి తలుపు తట్టారన్నమాట. 2015లో 4.0 వెర్షన్‌తో లినక్స్‌లోకి వచ్చిన కాసాన్ అనే తనిఖీ వ్యవస్థ ఇంకా ముందుకు వెళ్తుంది. ఆ మెమొరీని ఎవరు తీసుకున్నారు, ఎవరు విడుదల చేశారు, తర్వాత ఎవరు ముట్టుకున్నారు అన్న మూడూ చెబుతుంది. కెర్నెల్ నెమ్మదిస్తుంది, కాబట్టి రోజువారీ వాడకానికి పనికిరాదు.

తర్వాత ఒక్కో అంశాన్నే మార్చి చూడాలి. చాలా యూఎస్‌బీ ట్యూనర్ డ్రైవర్లలో రిమోట్‌ను ఆపేసే ఐచ్ఛికం ఉంటుంది. దాన్ని ఆపి, మాడ్యూల్‌ను ఎక్కించి, దించి చూడాలి. క్రాష్ రాలేదనుకుందాం. దోషి రిమోటేనా? అంత తొందర పనికిరాదు. ఇలాంటి తప్పులు సమయం మీద ఆధారపడతాయి. ఒక పని ఆపగానే మిగతావాటి సమయాలు కూడా జరుగుతాయి, తప్పు అక్కడే ఉండి కూడా దాక్కోవచ్చు. అందుకే రెండు రకాలుగానూ వందేసి సార్లు చేసి పోల్చాలి. ఆ పని చిన్న స్క్రిప్టు చేసిపెడుతుంది. పాత కెర్నెల్‌లో లేని క్రాష్ కొత్తదాంట్లో వస్తుంటే మధ్యలోని మార్పులను సగానికి సగం విడగొడుతూ పోవచ్చు. పదివేల మార్పులున్నా 14 పరీక్షల్లో దోషి దగ్గరికి చేరతాం. దొరికాక సవరణ కొన్నిసార్లు ఒక్క పదమే. "పని రద్దు చెయ్యి" అనేదానికి బదులు "రద్దు చేసి, ఇప్పటికే నడుస్తుంటే ముగిసేదాకా ఆగు" అనే ఫంక్షన్‌ను పిలవడం.

ఇది ట్యూనర్లు వాడే కొద్దిమంది గొడవ అనుకునేవారికి భద్రత రికార్డులు చూపించాలి. సిజ్‌కాలర్ అనే గూగుల్ పరికరం 2017లో నకిలీ యూఎస్‌బీ పరికరాలతో కెర్నెల్‌ను పరీక్షించినప్పుడు పదుల సంఖ్యలో లోపాలు బయటపడ్డాయి. వాటిలో టీవీ ట్యూనర్ డ్రైవర్లవీ ఉన్నాయి. 2022 నవంబరులో డీవీబీ కోర్‌లోనే వరుసగా కొన్ని లోపాలు నమోదయ్యాయి. వాటిలో ఒకటైన సీవీఈ-2022-45919 సారాంశం ఇంతే: పరికరాన్ని ఒక ప్రోగ్రామ్ తెరిచి ఉంచినప్పుడు ఊడదీస్తే విడుదలైన మెమొరీ వాడకంలోకి వస్తుంది. ఎన్నో ట్యూనర్లు పంచుకునే కోడ్ అది. తలుపు మూసేటప్పుడు "లోపల ఎవరైనా ఉన్నారా" అని ఆగి చూడకపోవడమే అక్కడి తప్పు.

నిష్క్రమణ కష్టమని కెర్నెల్ రచయితలకు తెలియక కాదు. మాడ్యూళ్ల వ్యవస్థను తిరగరాసిన రస్టీ రసెల్ 2002లోనే తొలగింపు ఎంత చిక్కుతో కూడుకున్నదో చర్చకు తెచ్చారు. అసలు ఆ సౌకర్యమే వద్దనే ఆలోచనా అప్పుడు వచ్చింది. నేటికీ తొలగింపు అనేది కెర్నెల్ నిర్మాణంలో ఐచ్ఛికమే. తీసేయాలన్న వాదన నాకు అర్థమవుతుంది గానీ ఒప్పుకోలేను. కడ్డీని లాగేసే చేతిని ఏ ఐచ్ఛికమూ ఆపదు కదా. డ్రైవర్ వదులుకోగానే వనరులు వాటంతటవే విడుదలయ్యే సదుపాయం 2007లో వచ్చింది. దాంతో మరిచిపోవడం తగ్గింది, కానీ కొత్త చిక్కు పుట్టింది. ఏదో ప్రోగ్రామ్ ఇంకా పట్టుకుని ఉండగానే మెమొరీ ముందుగా పోతుంది. మీడియా డ్రైవర్లలో ఏళ్ల తరబడి పనిచేసిన లోరాన్ పిన్‌షార్ 2022 లినక్స్ ప్లంబర్స్ సదస్సులో దీని మీదే ప్రసంగించారు.

నా అసలు ఫిర్యాదు పాఠాల మీద. ఆపరేటింగ్ సిస్టమ్ ల్యాబ్‌లో విద్యార్థి రాసే మొదటి మాడ్యూల్ ఎక్కేటప్పుడు "హలో" అంటుంది, దిగేటప్పుడు "గుడ్‌బై" అంటుంది. చాలాచోట్ల అక్కడితో ఆ అధ్యాయం ముగుస్తుంది. వెళ్లిపోవడమంటే ఒక్క వరుస కోడ్ అన్న భ్రమ అక్కడే నాటుకుంటుంది. దాని తర్వాతి వారమే ఒక చవక ట్యూనర్ ఇచ్చి, రెండు ప్రోగ్రాములతో తెరిపించి, నడుస్తుండగా ఊడదీయమనాలి. క్రాష్ వస్తే కెర్నెల్ వెర్షన్, కాసాన్ నివేదిక, ఎన్నిసార్లకు ఎన్నిసార్లు వచ్చింది, ఏ వరుసలో చేస్తే వచ్చింది అన్నవి ఒక పేజీలో రాయించి మీడియా డ్రైవర్ల నిర్వాహకులకు పంపించాలి. మార్కులు ఆ పేజీకే వేయాలి. పాత ట్యూనర్ల డ్రైవర్లలో చాలావాటికి ఇప్పుడు పట్టించుకునే కంపెనీ లేదు. ఆ పరికరాలు అందరు నిర్వాహకుల దగ్గరా ఉండవు, మన ల్యాబుల అలమారాల్లో మాత్రం ఉంటాయి.