మోదుగ పూసే వేళ కుంటాల

తుర్కపల్లి జీనోమ్ వ్యాలీలో పనిచేసేవారికి సెలవు దొరికితే శామీర్‌పేట చెరువు గుర్తొస్తుంది. ఈ వసంతంలో ఇంకాస్త దూరం వెళ్లి రమ్మంటోంది ఈ సంచిక. మేడ్చల్‌లో 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కి, నిర్మల్ దాటి, నేరడిగొండ దాకా.

అక్కడికి దగ్గర్లోనే కడెం నది సుమారు 45 మీటర్ల ఎత్తు నుంచి అంచెలంచెలుగా దూకుతుంది. అదే కుంటాల.

వానాకాలంలో అక్కడ జనం కిక్కిరిసిపోతారు. శివరాత్రికి సోమేశ్వరుణ్ణి చూడటానికి భక్తులు వస్తారు. ఫాల్గుణం నాటికి ధార సన్నబడి, వరద కప్పేసిన రాతిమెట్లు బయటపడతాయి. జలపాతం ఒడ్డూ పొడవూ నిజంగా తెలిసేది అప్పుడే. అడవిలో మోదుగలు ఎర్రగా విచ్చుకుంటాయి. ఆ పూలతో హోలీ రంగు కాచే అలవాటు ఆదిలాబాద్ గూడేల్లో ఉంది.

ధార పలచబడినా కింది గుండాలు లోతైనవే, అక్కడ ప్రాణాలు పోయాయి. పిల్లలతో వెళ్లేవారు దయచేసి నీళ్లలో దిగొద్దు.