విల్సన్ పీఠం, విల్సన్ తీర్పు

అంతర్జాతీయ సంబంధాలనే సబ్జెక్టు ఎప్పుడు పుట్టిందని ఎం.ఏ. పొలిటికల్ సైన్స్ విద్యార్థిని అడగండి. 1919, వేల్స్‌లోని అబెరిస్ట్‌విత్, అమెరికా అధ్యక్షుడు ఉడ్రో విల్సన్ పేరు పెట్టుకున్న ఆచార్య పీఠం అని తడుముకోకుండా చెబుతాడు. మొదటి ప్రపంచయుద్ధపు రక్తపాతం చూసి, శాంతి కోసం మొదలుపెట్టిన చదువని గైడులో ఉంటుంది. మార్కులూ పడతాయి.

అదే 1919లో ఆ విల్సన్ గారు పారిస్ శాంతి సదస్సులో ఏం చేశారో మాత్రం గైడులో కనిపించదు. నానాజాతి సమితి ఒడంబడికలో జాతుల సమానత్వపు మాట చేర్చాలని జపాన్ ప్రతిపాదించింది. ఒడంబడిక రాస్తున్న కమిషన్‌లో 17 ఓట్లకు 11 అనుకూలంగా పడ్డాయి. అధ్యక్ష స్థానంలో ఉన్నది విల్సనే. గట్టి అభ్యంతరాలున్నాయి, ఏకగ్రీవం కాలేదు కాబట్టి వీగిపోయినట్టే అన్నారు. తెల్లవాళ్లకే చోటన్న ‘శ్వేత ఆస్ట్రేలియా’ విధానం ఊపిరి పీల్చుకుంది.

ఇంకాస్త వెనక్కి వెళ్తే 1910. అమెరికాలోని క్లార్క్ విశ్వవిద్యాలయం నుంచి ‘జర్నల్ ఆఫ్ రేస్ డెవలప్‌మెంట్’ మొదలైంది. ‘వెనకబడ్డ’ జాతుల్ని ఎలా ఏలాలి, ఎలా బాగుచేయాలి అన్నదే అందులో ప్రధాన చర్చ. (ఆ ధోరణిని ఎండగడుతూ నల్లజాతి మేధావి డబ్ల్యు.ఇ.బి. డుబాయిస్ కూడా అందులోనే రాశారనుకోండి.) 1919లో దాని పేరు ‘జర్నల్ ఆఫ్ ఇంటర్నేషనల్ రిలేషన్స్’ అయింది. 1922లో ‘ఫారిన్ అఫైర్స్’లో కలిసిపోయింది. మన సెమినార్లలో వేదవాక్కులా ఉటంకించే పత్రిక ఇదే. అంటే జాతి ఈ సబ్జెక్టులోకి ఈమధ్య ఎవరో దూర్చిన గొడవ కాదు, పునాదిలోనే ఉంది.

దాన్ని నిలదీసినవాళ్లూ అప్పుడే ఉన్నారు. హోవార్డ్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన నల్లజాతి పండితురాలు మెర్జ్ టేట్ 1935లోనే ఆక్స్‌ఫర్డ్ పట్టా పుచ్చుకున్నారు. 1950-51లో ఫుల్‌బ్రైట్ మీద శాంతినికేతన్ వచ్చి మన పిల్లలకూ చదువు చెప్పారు. వాస్తవికవాది మోర్గెంథావ్ సూత్రాలు ఆరూ బట్టీ పట్టిన మనవాళ్లలో ఆవిడ పేరు విన్నవాళ్లెందరు?

పాశ్చాత్యులు మరిచారంటే వాళ్ల అవసరం వాళ్లది. మనకేమైంది? దక్షిణాఫ్రికాలో భారతీయులపై వివక్షను 1946లో ఐక్యరాజ్యసమితికి ఎక్కించింది మనమే. 1860 నుంచి నేటాల్ చెరకు తోటలకు కూలికి వెళ్లిన తెలుగువాళ్ల సంతతి కూడా ఆ బాధితుల్లో ఉంది. ఇది మా అంతర్గత వ్యవహారమని దక్షిణాఫ్రికా ప్రధాని స్మట్స్ వాదించాడు. మన ప్రతినిధి విజయలక్ష్మీ పండిట్ ఒప్పుకోలేదు. తీర్మానం 32-15తో నెగ్గింది. మన సిలబస్‌లో దీనికి ఒక యూనిట్ కేటాయించినా ఎక్కువేం కాదు.

కేటాయిస్తే 2001 కూడా చెప్పాల్సి వస్తుంది. ఆ ఏడాది డర్బన్‌లో జాతివివక్షపై జరిగిన ప్రపంచ సదస్సులో కులాన్ని చర్చించమని దళిత సంఘాలు పట్టుబట్టాయి. కులం జాతి కాదు, అది మా ఇంటి విషయం అని అడ్డుపడింది భారత ప్రభుత్వమే. స్మట్స్ వాదననూ ఈ వాదననూ పోల్చి రాయమని 15 మార్కుల ప్రశ్న ఇచ్చే పేపర్ సెట్టర్ ఇంతవరకూ నాకు తారసపడలేదు.