యానాం లెక్క: తలలు, గడపలు, పొయ్యిలు

2011 జనాభా లెక్కల పట్టికలు వెలువడినప్పుడు దేశంలోని 640 జిల్లాల జాబితాలో ఒక చిన్న పేరు గణాంక నిపుణుల దృష్టిని ఆకర్షించింది. పదేళ్లలో జనాభా 77 శాతం పెరిగిన ఆ జిల్లా యానాం. పెరుగుదల వేగంలో అరుణాచల్‌ ప్రదేశ్‌లోని కురుంగ్‌ కుమే జిల్లా ఒక్కటే దానికన్నా ముందున్నది. ఢిల్లీ పొరుగున ఆకాశహర్మ్యాలతో ఎదిగిన గుర్‌గావ్‌ సైతం 74 శాతం దగ్గర ఆగిపోగా, గౌతమీ తీరాన ఒదిగి ఉన్న తెలుగు పట్టణమొకటి దానిని మించిపోయింది. ఆనాడు పత్రికలు ఇదొక వింతగా ప్రచురించాయి. ఆ పెరిగిన జనం ఏ ఇళ్లలో తలదాచుకున్నారు, ఎన్ని గదుల్లో, ఎంతమంది ఒక్కో కప్పు కింద అనే ప్రశ్న మాత్రం ఎవరూ వేయలేదు.

యానాం జిల్లా అంటే నిజానికి ఒక పురపాలక సంఘమే. 1954 వరకు ఫ్రెంచివారి ఏలుబడిలో ఉండి, తరువాత పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగమైన ఈ పట్టణం తన రాజధానికి ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్నది. చుట్టూ ఉన్నది ఆంధ్రప్రదేశ్‌. 1991లో ఇరవై వేలు దాటిన జనాభా 2001 నాటికి 31 వేలు దాటింది. 2011లో 55,626కు చేరింది. లెక్కల్లో చూపిన 17 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణానికి భాగిస్తే చదరపు కిలోమీటరుకు 3,272 మంది తేలుతారు. నాటి దేశ సగటు 382. నదీ పాయలు, చిత్తడి నేలలు పోగా ఇల్లు కట్టుకోదగిన నేల మీద సాంద్రత ఇంకెంత ఉంటుందో ఊహించుకోవలసిందే.

ఇది కాన్పుల వల్ల వచ్చిన పెరుగుదల కాదని చెప్పడానికి పెద్ద పాండిత్యం అక్కరలేదు. అదే దశాబ్దంలో దేశ జనాభా పెరిగింది 17.7 శాతమే. చిన్న కుటుంబం స్థిరపడిన గోదావరి డెల్టాలో సహజంగా ఆపాటి పెరుగుదల కూడా ఉండదు. కనుక వచ్చినవారిలో అత్యధికులు బయటివారే. ఎదుర్లంక వంతెనతో కోనసీమకు దారి దగ్గరైంది. సమీపంలోని గాడిమొగ వద్ద 2009లో సహజవాయువు తీరానికి చేరింది. టైల్స్‌ కర్మాగారం కొలువులిచ్చింది. పుదుచ్చేరి పన్నుల విధానం వర్తకులకు లాభసాటిగా ఉండేది. కేంద్రపాలిత ప్రాంతపు సంక్షేమ పథకాల ఆకర్షణ సరేసరి. కార్డు ఒకచోట, కాపురం మరొకచోట ఉన్నవారు ఎందరనే అనుమానం కూడా సరిహద్దు పట్టణాలన్నింటికీ ఉండేదే. ఈ అనుమానాన్ని తీర్చగలిగేది తలల లెక్క కాదు, గడపల లెక్క.

జన గణన నిజానికి రెండు విడతల పని. మొదటి విడతలో ఇళ్ల జాబితా తయారవుతుంది. రెండో విడతలో మనుషులను లెక్కిస్తారు. చివరిసారి మొదటి పని 2010లో, రెండో పని 2011 ఫిబ్రవరిలో జరిగాయి. పత్రికలకు, పాలకులకు రెండో పని మీద ఉన్న మోజు మొదటి పని మీద ఉండదు. కానీ పట్టణ జీవనం గుట్టు ఉన్నది మొదటి పట్టికలోనే. వీధి నుంచి గానీ ఉమ్మడి వాకిలి నుంచి గానీ విడిగా ద్వారం ఉండి, ప్రత్యేక భాగంగా వాడుకలో ఉన్న కట్టడం ఒక ఇల్లు. ఒకే వంటింటి కూడు తినేవారు ఒక కుటుంబం. అన్నదమ్ములు ఒకే పెంకుటింట్లో ఉంటూ పొయ్యిలు వేరు చేసుకుంటే ఇల్లు ఒకటి, కుటుంబాలు రెండు. నిర్వచనం పొడిగా కనిపించినా, తెలుగు లోగిళ్లలో ఏం జరుగుతున్నదో ఇంతకన్నా సూటిగా చెప్పిన ప్రభుత్వ పత్రం లేదు.

దేశంలో 2001 నుంచి 2011 వరకు పట్టణ జనాభా 31.8 శాతం పెరిగితే పట్టణ కుటుంబాల సంఖ్య 47 శాతం పెరిగింది. 5.37 కోట్ల కుటుంబాలు 7.89 కోట్లయ్యాయి. అంటే మనుషులు పెరిగిన వేగం కన్నా పొయ్యిలు పెరిగిన వేగం ఎక్కువ. కొళాయి కనెక్షను, విద్యుత్‌ మీటరు, మరుగుదొడ్డి, చెత్తబండి, ఇంటిపన్ను రశీదు ఇవన్నీ కుటుంబానికో, ఇంటికో ఒకటి చొప్పున కావలసినవే తప్ప తలకొకటి చొప్పున కావు. నీటి పథకాలను మాత్రం తలసరి లీటర్లలోనే రూపొందిస్తారు. మురుగు వ్యవస్థ ఉన్న పట్టణానికి తలకు 135 లీటర్లు అనే ప్రమాణం ఇంజనీర్ల నాలుక చివర ఉంటుంది. ఎన్ని గడపలకు గొట్టం వేయాలన్నది అంచనా వ్యయం తలకిందులయ్యాక గాని గుర్తుకు రాదు.

యానాంకు ఈ సూత్రాన్ని వర్తింపజేసి చూడవచ్చు. కేవలం లెక్క కోసం 2001లో కుటుంబానికి నలుగురున్నర చొప్పున, 2011లో నలుగురు చొప్పున అనుకుందాం. అప్పుడు ఏడు వేల కుటుంబాలు పద్నాలుగు వేలవుతాయి. జనాభా 77 శాతమే పెరిగినా గృహావసరం రెట్టింపవుతుంది. కనకాలపేట, మెట్టకూరు, సావిత్రినగర్‌ వంటి పేటల్లో ఆ రెట్టింపు ఎలా సర్దుకున్నదో ఊహించడం కష్టం కాదు. వసారాను మూసి గది చేయడం, పెరట్లో రేకుల షెడ్డు వేసి అద్దెకివ్వడం, మేడమీద సగం కట్టి ఆపేయడం డెల్టా పట్టణాలన్నింటా కనిపించే దృశ్యాలే.

ఈ సర్దుబాటుకు ప్రభుత్వ పరిభాషలో పేరు 'ఇరుకు'. 2012లో కేంద్ర ప్రభుత్వం నియమించిన సాంకేతిక బృందం దేశ పట్టణాల్లో 1.88 కోట్ల ఇళ్ల కొరత ఉందని తేల్చింది. సామాన్యుడు ఈ అంకె వినగానే కోటీ ఎనభై ఎనిమిది లక్షల కుటుంబాలు చెట్ల కింద ఉన్నాయనుకుంటాడు. వాస్తవం వేరు. అందులో దాదాపు కోటిన్నర, అంటే 80 శాతం, ఇల్లు ఉండీ పెళ్లయిన జంటకు విడిగా గది లేనివారి లెక్క. పూర్తిగా నిలువనీడ లేనివారి వాటా ఐదు లక్షల పైచిలుకే. ఒకవైపు ఈ కొరత ఉండగానే 2011 లెక్కల్లో పట్టణాల్లో 1.1 కోట్ల ఇళ్లు ఖాళీగా తేలాయి. పట్టణ గృహాల్లో పదింట ఒకటి! కొరత పేదల ఇళ్లలో, ఖాళీ పెట్టుబడిదారుల ఇళ్లలో. ఈ రెంటినీ ఒకే త్రాసులో వేసి, కొత్త ఇళ్లు కడితే చాలు సమస్య తీరుతుందని చెప్పడం అమాయకత్వమైనా కావాలి, కాంట్రాక్టర్ల మీద ప్రేమైనా కావాలి. ఇరుకుకు మందు ఊరి చివర కొత్త కాలనీయే కానక్కరలేదు. ఉన్న ఇంటికి మరో గది వేసుకోవడానికి అప్పు దొరకడం చాలాచోట్ల చౌకైన, మేలైన మార్గం. అయితే ఏ వార్డులో ఎన్ని జంటలకు గది లేదో తెలియకుండా ఆ అప్పు ఎవరికివ్వాలి?

గృహస్థితిపై లెక్కలకున్న మరో బలహీనతనూ చెప్పుకోవాలి. ఇల్లు మంచిదా, నివాసయోగ్యమా, శిథిలమా అనే ప్రశ్నకు 2011లో పట్టణ కుటుంబాల్లో 68.4 శాతం మంచిదని చెప్పాయి. శిథిలమన్నవి 2.9 శాతమే. సొంత కొంపను శిథిలమని పరాయివాడి ముందు ఒప్పుకునే గృహస్థు అరుదు. వానాకాలం కారే కప్పు కూడా ఎండాకాలపు లెక్కలో మంచిదే. అందుకే ఈ జవాబు కన్నా గదుల సంఖ్య, గోడ, కప్పు, మురుగు కాల్వ వివరాలే నమ్మదగినవి. పట్టణ కుటుంబాల్లో మూడింట దాదాపు ఒక వంతు ఒంటిగది కాపురాలని, 18 శాతానికి మురుగు పోయే దారే లేదని ఆ వివరాలే చెప్పాయి.

ఇక కాలం సంగతి. యానాం ఇళ్ల జాబితా 2010లో తయారైంది. అప్పటికి టైల్స్‌ కర్మాగారం నడుస్తున్నది. 2012 జనవరిలో హింసాత్మక సంఘటనల దరిమిలా అది మూతపడి ఏళ్ల తరబడి తెరుచుకోలేదు. దేశవ్యాప్త గృహ వివరాలను ఢిల్లీలో విడుదల చేసింది 2012 మార్చిలో. అనగా, కర్మాగారపు జీతాల మీద బతికిన పట్టణపు చిత్రం ప్రజల ముందుకు వచ్చేనాటికి ఆ జీతాలే లేవు. అద్దె ఇళ్లు ఎన్ని ఖాళీ అయ్యాయి, ఎన్ని కుటుంబాలు పాత ఊళ్లకు మరలిపోయాయి, ఎన్ని గల్ఫ్‌ బాట పట్టాయి అనేది ఏ పట్టికలోనూ లేదు. 2021లో జరగవలసిన గణన కోవిడ్‌ కారణంగా వాయిదా పడి, ఆ తరువాత కారణమేదీ చెప్పకుండానే వాయిదా పడుతూ వచ్చింది. కర్మాగారం ఉన్ననాటి యానామే కాగితాల మీద మిగిలింది.

2022 జూలైలో ధవళేశ్వరం వద్ద వరద 25 లక్షల క్యూసెక్కులు మించినప్పుడు యానాంలోని పల్లపు పేటలు నీట మునిగాయి. వరద తలలను చూసి రాదు, ఇళ్లలోకి వస్తుంది. ఎన్ని ఇళ్లు పల్లంలో ఉన్నాయి, వాటిలో మట్టిగోడలవెన్ని, మేడ ఉన్నవెన్ని అనే వివరం చేతిలో ఉంటే పడవలు ఎక్కడికి పంపాలో, ఆహార పొట్లాలు ఎన్ని కట్టాలో ముందే తెలుస్తుంది. పన్నెండేళ్ల నాటి జాబితాతో ఆ పని జరగదు.

యానాం అదృష్టమేమంటే అది జిల్లా కావడం. జిల్లా కాబట్టి దాని పెరుగుదల దేశపు పట్టికలో ఒక వరుసగా కనిపించింది. ఏటి ఆవలి ఆంధ్ర పట్టణాలకు ఆ భాగ్యం లేదు. నమూనా సర్వేలు రాష్ట్రానికో, మహా అయితే జిల్లాకో అంకెలిస్తాయి గాని, యాభై వేల జనాభా ఉన్న పట్టణంలో వార్డువారీ చిత్రం ఇవ్వగలిగినది జన గణన ఒక్కటే. నగరానికి అభివృద్ధి సంస్థలు, విశ్వవిద్యాలయాలు, సలహా కంపెనీలు వేరే లెక్కలు తయారుచేసి పెడతాయి. చిన్న పట్టణపు కమిషనర్‌ బల్ల మీద ఉండేది పాత గణన పుస్తకమే. ఆలస్యపు భారం నగరాల కన్నా చిన్న పట్టణాల మీదే ఎక్కువ పడుతున్నదనడానికి కారణమిది.

పట్టణమన్న గుర్తింపే లేని ఊళ్ల స్థితి ఇంకా అధ్వాన్నం. ఐదు వేల జనాభా, చదరపు కిలోమీటరుకు 400 మంది, పురుష శ్రామికుల్లో 75 శాతం వ్యవసాయేతర వృత్తుల్లో ఉండటం అనే మూడు లక్షణాలున్న గ్రామాన్ని గణన శాఖ పట్టణంగా లెక్కిస్తుంది. 2001లో 1,362గా ఉన్న ఇటువంటి ఊళ్లు 2011లో 3,894 అయ్యాయి. వీటిని పాలించేది పంచాయతీలే. ఊళ్లు పట్టణ హోదా కోరుకోవడం లేదని రాష్ట్రాలు చెప్పడంలో కొంత నిజం లేకపోలేదు. తమిళనాడు 2004లో 566 పట్టణ పంచాయతీలను గ్రామీణ నిధుల కోసం ప్రత్యేక గ్రామ పంచాయతీలుగా మార్చి, 2006లో తిరిగి వెనుకటి స్థితికి తెచ్చింది. ఊరు మారలేదు, ఇళ్లు మారలేదు. నిధుల పద్దు మారింది.

ఆధార్‌, రేషన్‌ కార్డు, విద్యుత్‌ మీటరు వివరాలుండగా ఇంటింటి లెక్క దండగ అనే వాదన ఈ మధ్య బలంగా వినవస్తున్నది. ఆ జాబితాలు లబ్ధిదారులను, ఖాతాదారులను లెక్కిస్తాయి. జాబితాకు అందనివారిని లెక్కించవు. ఒకే మీటరు మీద మూడు కాపురాలుండవచ్చు. కువైట్‌లో పనిచేస్తున్న కోనసీమ మహిళ పేరు కార్డులో ఉంటుంది, ఇంట్లో ఆమె ఉండదు. ఆహార భద్రతా చట్టం కింద 81 కోట్ల మంది అనే పరిమితే 2011 జనాభా మీద కట్టినది. ఆ తరువాత ఊరు చేరినవారిని చేర్చుకోవాలంటే మరొకరి పేరు తొలగించాలి. యానాం వంటి వలస పట్టణానికి ఇది ప్రాణసంకటం.

కేంద్రం 2025 జూన్‌లో గణన ప్రకటన వెలువరించింది. 2026 ఏప్రిల్‌ నుంచి సెప్టెంబరు వరకు ఇళ్ల జాబితా, 2027 ఫిబ్రవరిలో జనాభా లెక్క అని కార్యక్రమం నిర్ణయించారు. ఈసారి వివరాలు కాగితాల మీద కాక చేతిఫోన్లలో నమోదవుతాయి. కులగణన కూడా ఉన్నందున చర్చంతా రెండో విడత చుట్టూనే తిరుగుతున్నది. మొదటి విడత అంకెలను రెండేళ్లు దాచి ఉంచవలసిన సాంకేతిక కారణమేదీ ఇప్పుడు లేదు. గదులు, గోడలు, నీరు, మురుగు, ఖాళీ ఇళ్ల పట్టికలను వార్డువారీగా, వ్యక్తుల పేర్లు లేకుండా, జనాభా లెక్క తేలేదాకా ఆగకుండా పురపాలక సంఘాలకు అందజేయాలి. పుదుచ్చేరిలో స్థానిక సంస్థల ఎన్నికలు 2006లో జరిగి, 2011లో పదవీకాలం ముగిసిన తరువాత ఏళ్ల తరబడి ఆగిపోయాయి. కొత్త లెక్కల ప్రకారం వార్డుల హద్దులు గీయవలసి వచ్చినప్పుడు యానాంలో ఏ పేటకు ఎన్ని గడపలున్నాయో, ఎన్ని గడపలకు తాళాలున్నాయో అధికారులతోపాటు అక్కడి ఓటర్లకూ తెలిసి ఉండాలి.