నెత్తురు చెప్పిన సాక్ష్యం



"మోతాదు స్వల్పం, భయం లేదు" — రసాయనాలతో పని చేయించుకొనే యాజమాన్యాలు పాడే పాత పాట ఇది. ఇదెంత బూటకమో దక్షిణ స్వీడన్‌లోని హాలాండ్‌సోస్ రైల్వే సొరంగం తేల్చి చెప్పినది.

1992లో త్రవ్వకం మొదలైన ఆ సొరంగంలోనికి నీరు ఉబికివచ్చుచుండగా, 1997లో పగుళ్ళను పూడ్చుటకు రోకా-గిల్ అనే గ్రౌటును ఎక్కించారు. ఎక్రిలమైడ్ కలిసిన ఆ పదార్థం సుమారు 1400 టన్నులు వాడారు! గట్టిపడకుండా మిగిలిన విషం వాగులో కలిసినది. చేపలు చచ్చినవి. ఆ నీరు త్రాగిన ఆవులు కాళ్ళు పడిపోయి కూలినవి. పని ఆగినది అప్పుడు. కార్మికుల నెత్తురు పరీక్షించినది కూడా అప్పుడే. ఆవు కూలితే గాని మనిషి గుర్తుకు రాలేదన్నమాట!

ఎక్రిలమైడ్ ఒంటిలో చేరి, అంతా మూత్రంతో పోయే సరుకు కాదు. కొంత భాగం హీమోగ్లోబిన్ అనే ప్రోటీను కొసనున్న వాలిన్‌కు రసాయన బంధంతో అతుక్కుంటుంది. ఆ ఎర్రకణం బ్రతికే సుమారు 120 రోజులూ వదలదు. తపాలా సోదరులకు వేరే చెప్పాలా, కవరుపై పడిన ముద్ర కడిగితే పోతుందా? ఏ రోజుకారోజు స్వల్పమైన మోతాదే, కాని నిన్నటి ముద్రపై నేటి ముద్ర చేరుతూనే ఉంటుంది. నరాలలోని ప్రోటీనులనూ ఇది విడువదు. రెండు వందల పైచిలుకు కార్మికులను పరీక్షించగా, నెత్తురులో ఈ జాడ హెచ్చినకొద్దీ చేతులు, కాళ్ళ తిమ్మిర్లు హెచ్చినట్లు తేలినది. చాలామందికి తరువాత తగ్గినవి, నిజమే. అది యాజమాన్యం ఘనత మాత్రం కాదు.

వేయించిన బంగాళాదుంపలలోనూ ఎక్రిలమైడ్ ఉన్నదని 2002లో స్వీడన్‌వారే బయటపెట్టారు. రేపు ఏ అధికారియైనా ఆ మాటనే అడ్డం వేయవచ్చును. విషం బాగా సోకిన సొరంగ కార్మికుల నెత్తురులోని జాడ, తిండివల్ల కలిగే జాడకు ఎన్నో రెట్లు!

మనకిది పరాయి కథ కాదు. 1984లో భోపాల్ బాధితుల హీమోగ్లోబిన్‌కు అతుక్కున్నది మిథైల్ ఐసోసైనేట్. గాలిలో విషం పోయినదన్న తరువాత కూడా నెత్తురు సాక్ష్యం పలికినది.

కనుక మన కోరిక స్పష్టం. సొరంగంలో గాని, వర్కుషాపులో గాని రసాయనం దించే ముందు దాని పేరు, గుణం కార్మికుని భాషలో చెప్పాలి. పనికి ముందొకసారి, పని నడుచుచుండగా మరల నెత్తురు పరీక్ష జరగాలి. ఫలితం అధికారి బీరువాలో కాదు, కార్మికుని చేతిలో ఉండాలి. కాంట్రాక్టు కూలీతో సహా.