గడ్డల సంగతి కూడా వంశ చరిత్రే

వంశవృక్షం రాస్తామన్నప్పుడు మా పెద్దవాళ్ళు ఒకే మాట పదేపదే చెప్పినారు: "అన్నీ రాయండప్పా, ఆ గడ్డల సంగతి మాత్రం వద్దు. పిల్లలకి సంబంధాలు రావు." మేము రాస్తున్నాం. గోత్రం, ఇంటిపేరు, ఏ కరువులో ఎవరు కోలారు వైపు వచ్చినారు అనేదంతా చరిత్ర అయినప్పుడు, మూడు తరాలుగా ఒంటి మీద కాఫీ రంగు మచ్చలు, చర్మం కింద మెత్తని గడ్డలు వస్తుండేది చరిత్ర కాదా?

దానికి పేరుంది: న్యూరోఫైబ్రోమటోసిస్ టైప్ 1. 17వ క్రోమోజోము మీది ఒక జన్యువులో లోపం. సుమారు 3000 మందిలో ఒకరికి ఉంటుంది. అమ్మకో నాయనకో ఉంటే ప్రతి బిడ్డకూ రావడానికి సగం అవకాశం. ఉన్నవాళ్ళలో దాదాపు సగం మందికి ఇంట్లో ఎవరికీ లేకుండానే కొత్తగా వస్తుంది. గ్రహణం కాదు, సర్పదోషం కాదు. మా ఇంట్లో తాత నుంచి పెద్దనాయనకు, ఆయన నుంచి పిల్లలకు వస్తే, నింద మాత్రం బయటి నుంచి వచ్చిన కోడలి మీద పడింది!

ఈ గడ్డలు చాలామటుకు ఏమీ చేయవు. కానీ ఈ జబ్బు ఉన్నవాళ్ళలో 100కి 8 నుంచి 13 మందికి, జీవితకాలంలో ఎప్పుడో ఒకప్పుడు, నరాల పొరలో క్యాన్సర్ వస్తుంది. ఎక్కువగా లోపల నరాన్ని అల్లుకొని పెరిగే పెద్ద గడ్డలోనే మొదలవుతుంది. నొప్పి విడవకుండా ఉండటం, రాత్రి నిద్ర లేపటం, గడ్డ గబగబా పెరగటం, మెత్తనిది గట్టిపడటం, కాలో చెయ్యో బలం తగ్గటం, వీటిలో ఒక్కటి కనబడినా ఆగకూడదు. మా దాయాది ఒకాయనకు ఎనిమిది నెలలు "నరం పట్టింది" అని నూనె రాసినారు. ఒక ఆసుపత్రిలో "మీకు గడ్డలు మామూలే కదా" అని పంపించేసినారు. స్కాన్ తీసేసరికి ఊపిరితిత్తులకు చేరింది.

ఈ "నరం" అనే మాటతోనే సగం చిక్కు. కన్నడ బడిలో మాకు నర అంటే మెదడు నుంచి కబురు మోసేది, రక్తం పారేది వేరే. ఇంట్లో తెలుగులో రెండూ నరమే. అందుకే నూనె రాస్తే సర్దుకుంటుందని నమ్మకం.

ఎంఆర్ఐ గడ్డ ఎక్కడుంది, ఎంత ఉంది, ఏ నరం మీద ఉంది అని బాగా చూపిస్తుంది. రేడియేషన్ లేదు, మళ్ళీ మళ్ళీ తీయొచ్చు. కానీ మామూలు ఎంఆర్ఐ చూసి ఇది మంచిదా చెడ్డదా అని చాలాసార్లు గట్టిగా చెప్పలేరు. డిఫ్యూజన్ అనే పద్ధతి చేరిస్తే కొంత మేలు. పెట్-సీటీలో రేడియో ధార్మికత కలిపిన చక్కెర లాంటి మందు ఎక్కిస్తారు. క్యాన్సర్ కణాలు ఆకలిగొన్నవి, దాన్ని ఎక్కువ లాక్కుంటాయి, ఆ చోటు వెలుగుతుంది. ఆ వెలుగును ఎస్‌యూవీ అనే అంకెతో కొలుస్తారు. 3.5 దాటితే అనుమానించాలని చాలామంది డాక్టర్లు చూస్తారు. అది గీత గీసినట్టు కాదు, మంచి గడ్డలు కూడా కొన్ని వెలుగుతాయి.

సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసేవాళ్ళకు ఇది కొత్త కాదు. ఉత్త అలారానికి ఒక పూట పోతుంది, దొరకని బగ్గుకు మొత్తం పోతుంది. రెండింటినీ ఒకే తక్కెడలో పెట్టి "ఊరికే ఖర్చు" అనేవాళ్ళతో మాకు పేచీ.

వెలిగితే ముక్క తీసి పరీక్షించాలి. "సూది తగిలితే పాకుతుంది" అని మా ఇళ్ళలో పెద్ద భయం. సూది తగలకపోతే ఆగుతుందా? పెద్ద గడ్డలో ఒక మూలే చెడి ఉండొచ్చు. ఎక్కువ వెలిగిన చోటు నుంచే ముక్క తీయడానికి స్కాన్ దారి చూపిస్తుంది.

ఇప్పుడు కొందరు ఇంకో కొసకు పోయి, మచ్చలున్న ప్రతి పిల్లకూ ఏటా పెట్ తీయిస్తామంటున్నారు. అదీ వద్దు, అందులో రేడియేషన్ ఉంది. లక్షణం ఉన్నప్పుడు, లేదా ఎంఆర్ఐలో అనుమానం వచ్చినప్పుడు డాక్టర్‌ను అడగండి.

ఇంకొకటి. 1940ల నాటి భూమి పత్రాలు ట్రంకు పెట్టెలో భద్రంగా ఉన్నాయి, పోయినేడు తీసిన స్కాన్ సీడీ అడిగితే ఎవరింట్లోనూ దొరకదు. గడ్డ పెరిగిందా లేదా అని చెప్పాలంటే డాక్టర్‌కు పాతది పక్కన పెట్టి చూడాలి. ఆ సీడీలు కూడా ట్రంకులో వేయండి.