మూట మోసే అన్న గురించి కూడా ఆలోచిద్దాం



2014 మే 25న మనలాంటి సాంఘిక సంక్షేమ గురుకులాల్లో చదివిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కారు. అప్పటి నుండి మనకూ కొండలంటే మోజు కలిగింది. వారు టిబెట్ వైపు నుండి ఎక్కారు. మనలో చాలామంది మాత్రం "ఉద్యోగం వచ్చాక నేపాల్‌లో ట్రెక్కింగుకు పోదాం" అనుకుంటున్నారు. మంచి కోరికే. కానీ అక్కడ మన సామాను ఎవరు మోస్తారో కూడా ఆలోచించాలని నా అభిప్రాయం.

నేపాల్‌లో మొదటి ట్రెక్కింగు సంస్థను 1964లో జిమ్మీ రాబర్ట్స్ స్థాపించాడు. నేడు ఎందరికో అదే జీవనాధారం. లుక్లా నుండి 5,364 మీటర్ల ఎత్తులోని ఎవరెస్టు బేస్ క్యాంపుకు నడిచి రావడానికి సుమారు 12 రోజులు పడుతుంది. గైడు దారి చూపుతాడు. కూలీ నుదుటికి పట్టీ తగిలించుకుని మన మూటలు మోస్తాడు.

మోసేవారంతా షెర్పాలేననీ, వారికి చలి, ఎత్తు లెక్కలేదనీ కొందరు అనుకుంటారు. అది పొరపాటు. చాలామంది కింది కొండల నుండి వచ్చే రాయ్, తమాంగ్ వంటి జాతుల పేదలు. ఎత్తుకు పోతే వారికీ మనలాగే తలనొప్పి, ఆయాసం, ప్రాణభయం. పూర్ణ ఎక్కడానికి నెల ముందే, 2014 ఏప్రిల్ 18న, నేపాల్ వైపు ఖుంబు వద్ద మంచుచరియలు విరిగిపడి 16 మంది నేపాలీ పనివారు మరణించారు. ఎక్కేవారి కోసం పైశిబిరాలకు సామాను చేరవేస్తూ ప్రాణాలు పోగొట్టుకున్నారు.

"సరదా కోసం పేదవాడి చేత మోయించడమే తప్పు" అనేవారున్నారు. నేను ఒప్పుకోను. మా నాన్న మార్కెట్ యార్డులో హమాలీ. బస్తాలు రాని రోజు మా ఇంట్లో ఇబ్బందే. పని ఉండాలి, దానికి న్యాయం కూడా ఉండాలి. బరువు 30 కిలోలు మించకూడదు. వెచ్చని బట్టలు, బూట్లు, పడుకునే చోటు, బీమా ఇవ్వాలి. జబ్బు చేస్తే ఒంటరిగా కిందికి పంపకూడదు. ఇవన్నీ అడిగి తెలుసుకున్నాకే ట్రెక్కింగు సంస్థకు డబ్బు కట్టాలి. మరీ చౌకగా తీసుకెళ్తామంటే ఎవరి కూలిలో కోత పడుతుందో ఆలోచించాలి.

1953 మే 29న ఎవరెస్టు ఎక్కిన టెన్సింగ్ నార్గే కూడా మొదట మూటలు మోసినవాడే.

నేపాలీలో అన్నను 'దాయ్' అంటారు. రేపు మనం వెళ్లినప్పుడు అలా పిలుద్దాం. ఆయన తిన్నాడో లేదో అడుగుదాం. కూలీల బిడ్డలమైన మనమే అడగకపోతే ఇంకెవరు అడుగుతారు?